నిటారు బరువు – వాలు బరువు

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా ఫిల్మ్ నగర్‌లో జరిగిన మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982వ సంవత్సరంలో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇచ్చింది. పెన్షన్ అంటే ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదనీ, మనం చేసిన సేవకు దక్కే హక్కు అనీ ఆ తీర్పుతో స్థిరపడింది. అందుకే ఏటా ఈ రోజున మనం కలుసుకుంటున్నాం. కరువు భత్యం బకాయిల గురించీ, మెడికల్ బిల్లుల గురించీ నాకంటే బాగా తెలిసిన పెద్దలు ఇంతకుముందే మాట్లాడారు. నన్ను ఆరోగ్యం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను. అందుకని నాకు కొద్దిగా తెలిసిన ఇంకొక విషయం ద్వారా ఆరోగ్యం దగ్గరకు వస్తాను. ఆ విషయం పేరు బెండింగ్ మూమెంట్. దయచేసి ఎవరూ లేచి వెళ్ళిపోవద్దని మనవి!

నేను ఇంజనీరును కూడా కాను. ఒక ఇంజనీరింగ్ శాఖ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే రిటైరైనవాణ్ణి. ఎస్టిమేట్లు టైపు చేయడం నా పని. చేరిన కొత్తలో ఒక రోజు డిజైను కాగితాల్లో మాటిమాటికీ ‘బి.ఎమ్.’ అని కనిపించింది. సర్వే పుస్తకాల్లో బి.ఎమ్. అంటే బెంచ్ మార్క్ అని అప్పటికి నాకు తెలుసు. పొట్టి అక్షరాలు బాగుండవని, నా తెలివినంతా ఉపయోగించి, పద్నాలుగు పేజీల్లోనూ ‘బెంచ్ మార్క్’ అని పూర్తిగా టైపు చేసి పెట్టాను. జూనియర్ ఇంజనీరుగారు చూసి తల పట్టుకున్నారు. కోప్పడలేదు. “గుమాస్తాగారూ, ఇది బెంచ్ మార్క్ కాదండీ, బెండింగ్ మూమెంట్. ఇలా కూర్చోండి, ఒకసారి చెబుతాను” అని కుర్చీ చూపించారు. ఆ పూట ఆయన చెప్పినదే ఈ రోజు నేను మీకు చెప్పబోయేది. మిగతాది ఆ తరువాత పుస్తకాలు చూసి, మనుషులను అడిగి తెలుసుకున్నది.

ఆయన ముందుగా తలుపు చూపించారు. తలుపును చివర వేలితో తోసినా తెరుచుకుంటుంది. బందుల పక్కన తోస్తే రెండు చేతులూ చాలవు. అంటే తోపు ఎంత అన్నదొక్కటే లెక్క కాదు. ఎంత దూరం నుంచి అన్నది కూడా లెక్కే. ఆ రెండింటినీ గుణిస్తే వచ్చేది మూమెంటు. పాఠ్యపుస్తకాల్లో దాన్ని భ్రామకం అంటారు. పొడుగు పానాతో నట్టు తేలిగ్గా ఊడేదీ ఇందుకే.

తలుపు తిరిగిపోతుంది కనుక వంగదు. తిరగడానికి వీల్లేకుండా ఒక చివర గోడలో పాతిన కమ్మీ అయితే ఏమవుతుంది? ఆ మూమెంటు కమ్మీని వంచడానికి చూస్తుంది. గోడలోంచి 60 సెంటీమీటర్లు బయటకు వచ్చిన కమ్మీ చివర 20 కిలోల పూలకుండీ వేలాడదీశామనుకోండి. గోడ దగ్గర వంపు 20 ఇంటూ 60, అంటే 1200 కిలో సెంటీమీటర్లు. కమ్మీ మధ్యలో అయితే దూరం 30 సెంటీమీటర్లే, కాబట్టి వంపు 600. కుండీ కట్టిన చోట సున్నా. అందుకే అలాంటి కమ్మీ కుండీ దగ్గర విరగదు, గోడ మొదట్లో విరుగుతుంది. చెట్టు కొమ్మ మాను దగ్గర లావుగా, చివర సన్నగా ఉండేదీ, మన సన్‌షేడ్ గోడ దగ్గర మందంగా, అంచున పలచగా పోసేదీ ఈ లెక్క ప్రకారమే. చెట్టుకు ఎవరూ చెప్పలేదు. మనకు మాత్రం పుస్తకం కావలసివచ్చింది. ఇటలీలో గెలీలియో 1638లో అచ్చయిన తన గ్రంథంలో గోడలో పాతిన దూలానికి చివర బరువు వేలాడదీసిన బొమ్మ వేసి ఈ సంగతి విచారించాడు. ఆయన లెక్కలో కొంత పొరపాటు ఉండిపోయింది. దాన్ని సరిదిద్ది పూర్తి రూపానికి తెచ్చేసరికి సుమారు రెండు వందల ఏళ్ళు పట్టింది. కనుక ఒక్కసారికి అర్థం కాలేదని మనం చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పైన చెప్పిన కుండీ నిటారుగా కిందికి వేలాడుతోంది. లోకంలో అన్ని బరువులూ అలా బుద్ధిగా ఉండవు. వాలుగా లాగేవే ఎక్కువ. అప్పుడేం చేయాలి? ఇంజనీరుగారు చెప్పిన ఉపాయం ఇది. వాలు బలాన్ని ఒక్కటిగా చూడకు, రెండుగా చీల్చు. ఒకటి కమ్మీ వెంబడి పోయేది, రెండోది కమ్మీకి అడ్డంగా పోయేది. వెంబడి పోయేది కమ్మీని లాగుతుంది లేదా నొక్కుతుంది. అడ్డంగా పోయేదే వంచుతుంది. అదే 20 కిలోల బలాన్ని తాడుతో కమ్మీకి 30 డిగ్రీల వాలులో, ముందుకూ కిందికీ లాగితే, అడ్డంగా వచ్చేది సగమే, 10 కిలోలు. వంపు 1200 నుంచి 600కి తగ్గింది. కానీ 17 కిలోల పైచిలుకు బలం కమ్మీని గోడలోంచి ఊడబెరకడానికి చూస్తోంది. ఒక ప్రమాదం తగ్గి మరొకటి పుట్టింది. వాలు బరువుతో వచ్చే చిక్కంతా ఇదే. రెండు పద్దులూ వేరువేరుగా రాసి, చివర కలిపి చూసుకోవాలి. పద్దులు రాయడం మనకు కొత్త కాదు కదా!

ఇంకొక మాట. దూలాన్ని ఎప్పుడూ నిలువుగా పెడతారు, పడుకోబెట్టరు. అంగుళాల్లో 2 బై 4 చెక్కను నిలబెడితే పడుకోబెట్టినదానికి రెట్టింపు బరువు మోస్తుంది. అయితే బరువు పక్కకు 20 డిగ్రీలు వాలిందనుకోండి. కొంత భాగం చెక్క బలహీనమైన వైపు పడుతుంది. రెండు వైపుల వంపునూ కలిపి లెక్క వేస్తే, చెక్క అంచు మీద ఒత్తిడి 60 శాతానికి పైగా పెరుగుతుంది. బరువు ఒక్క గ్రాము కూడా పెరగలేదు. దిశ మారింది, అంతే. నేను చెప్పదలచుకున్న ముక్క ఇదొక్కటే. విరగ్గొట్టేది బరువొక్కటే కాదు. ఎంత దూరాన, ఏ వాలున పడిందన్నది కూడా.

ఈ లెక్క నాకు నలభై ఏళ్ళుగా తెలుసు. తెలిసి ఏం లాభమో ఇప్పుడు చెబుతాను.

మేము మా అబ్బాయి దగ్గర, ఈ ఫిల్మ్ నగర్‌లోనే ఉంటున్నాం. ఇల్లు బాగు చేయించినప్పుడు స్నానాలగదిలో పట్టుకోవడానికి గట్టి కమ్మీ పెట్టిద్దామా అని మా ఆవిడ అడిగింది. “టవలు కమ్మీ ఉందిగా, మళ్ళీ అదెందుకు?” అన్నాను. అన్నది నేనే. ఇంకెవరి మీదా నెపం వేయను. ఒక తెల్లవారుజామున ఆమె కాలు జారింది. చేతికి అందినదాన్ని పట్టుకుంది. టవలు కమ్మీ స్క్రూలతో సహా ఊడి చేతిలోకి వచ్చేసింది. పక్కకు పడింది. తుంటి ఎముక విరిగింది.

ఆసుపత్రి వరండాలో కూర్చుని, మనసు నిలవక, జేబులో ఉన్న మందుల చీటీ వెనుక నేను ఆ కమ్మీ లెక్క వేశాను. కమ్మీ గోడకు 7 సెంటీమీటర్ల దూరంలో ఉంది. చివర బిగించిన చిన్న ప్లేటుకు పైన ఒక స్క్రూ, కింద ఒక స్క్రూ. పై స్క్రూకూ ప్లేటు కింది అంచుకూ మధ్య 4 సెంటీమీటర్లు. ఆమె పట్టుకున్నది ఆ చివరనే. 40 కిలోల బలంతో, నిలువుకు 30 డిగ్రీలు ముందుకు వాలుగా లాగి ఉంటుందనుకున్నాను. రెండుగా చీల్చితే కిందికి సుమారు 35 కిలోలు, గోడనుంచి బయటకు 20 కిలోలు. కిందికి లాగిన 35ను 7 సెంటీమీటర్లతో గుణిస్తే వంపు సుమారు 240. ప్లేటు కింది అంచు గోడను అదిమిపట్టి తిరుగుతుంది కనుక, ఆ 240ని 4తో భాగిస్తే పై స్క్రూ మీద 60 కిలోల లాగుడు. బయటకు లాగిన 20లో సగం, 10 కిలోలు దానికి తోడు. మొత్తం 70. చేతిలో 40 కిలోలు, స్క్రూ దగ్గర 70 కిలోలు! టైల్సు వెనుక ప్లాస్టిక్ ప్లగ్గులో దిగిన అంగుళంన్నర స్క్రూ ఏం చేస్తుంది పాపం? తడి టవలు బరువుకు సరిపోయేదాని మీద మనిషి ప్రాణం ఆనుకుంది.

ఈ లెక్క కమ్మీ కొనేనాడు వేయవలసింది. పడిన తరువాత వేశాను.

డాక్టరుగారు ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చూపించారు. తొడ ఎముక మనం అనుకున్నట్టు నిటారు స్తంభం కాదు. పైకి వచ్చి, మెడలాగా లోపలి వైపుకు వంగి, చివర బంతి ఆకారంలో తుంటి గిన్నెలో కూర్చుంటుంది. నిలువు ఎముకకూ మెడకూ మధ్య కోణం సుమారు 125 నుంచి 130 డిగ్రీలు. బరువు పడేది బంతి మీద, మోసేది పక్కనున్న నిలువు ఎముక. మధ్యలో మెడ ఒక చిన్న సన్‌షేడ్‌లాగా వాలుగా నిలబడింది. నేను చూస్తూనే “ఇది గోడలో పాతిన కమ్మీ కదండీ” అన్నాను. డాక్టరుగారు నా వంక విచిత్రంగా చూశారు.

ఆ మాట మొదట అన్నది నేను కాదని తరువాత చదివాను. 1866 ప్రాంతంలో స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో హెర్మన్ ఫాన్ మేయర్ అనే శరీరశాస్త్ర ఆచార్యుడు తొడ ఎముక మెడను నిలువుగా కోసి, లోపలి సన్నటి ఎముక పోగుల వరుసలను బొమ్మ గీశాడు. ఆ ఊళ్ళోనే ఉన్న కార్ల్ కుల్మన్ అనే ఇంజనీరింగు ఆచార్యుడు ఆ బొమ్మను చూసి ఆశ్చర్యపోయాడు. వంపు తిరిగిన క్రేను చేతిలో లాగుడూ నొక్కుడూ ఏ గీతల వెంట పోతాయని తన లెక్కలో వస్తోందో, ఎముకలో పోగులు ఇంచుమించు ఆ గీతల వెంటే పేర్చి ఉన్నాయి. ఆ పోలిక అక్షరాలా ఒప్పదని తరువాతివారు వాదించారు. కానీ ఎముక తన మీద పడే బరువును బట్టి తనను తాను దిద్దుకుంటుందన్న మూలసూత్రం మాత్రం నిలిచింది. జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో దాన్ని గ్రంథంగా రాశాడు. బరువు పడితే ఎముక గట్టిపడుతుంది. మంచానికి అంటుకుపోతే పలచబడుతుంది. డాక్టర్లు ఈ వయసులో కూడా నడవమని పోరేది ఇందుకే.

మరి నడిచేటప్పుడు విరగనిది పక్కకు పడితే ఎందుకు విరిగింది? ఇక్కడ కూడా దిశే కారణం. నడకలో బరువు బంతి మీద పైనుంచి వస్తుంది. మెడ కింది భాగం నొక్కుడును మోస్తుంది, అలవాటు కొద్దీ అక్కడ ఎముక మందంగా ఉంటుంది. పై భాగానికి అంత పని ఉండదు, ఏళ్ళు గడిచేకొద్దీ పలచబడుతుంది. పక్కకు పడినప్పుడు దెబ్బ తుంటి బయటి వైపు తగిలి, వంపు తిరగబడుతుంది. ఎన్నడూ అంత నొక్కుడు ఎరగని ఆ పలచని పై భాగమే నలిగి మొదట బీటలు వారుతుంది. నలభై ఏళ్ళు ఒక సీటులో పనిచేసిన గుమాస్తాను రాత్రికి రాత్రి ఇంకో సీటుకు మార్చినట్టు!

ఈ క్రేను సంగతి ఫిల్మ్ నగర్ వాళ్ళకు వేరే చెప్పాలా? అక్కినేని నాగేశ్వరరావుగారు 1970లలో అన్నపూర్ణ స్టూడియోస్ కట్టించిన దగ్గరనుంచి, ఆ తరువాత రామానాయుడుగారి స్టూడియో వచ్చిన దగ్గరనుంచి, మన వీధుల్లో షూటింగు క్రేన్లు చూస్తూనే ఉన్నాం. హీరోగారిని చూడడానికి అందరూ మెడ చాస్తారు. నేను క్రేను మెడ చూస్తాను. 6 మీటర్ల చేయి చివర 20 కిలోల కెమెరా ఉందనుకుందాం. చేయి అడ్డంగా ఉన్నప్పుడు ఇరుసు దగ్గర వంపు 120 కిలో మీటర్లు. చేతిని 60 డిగ్రీలు పైకి లేపితే అడ్డంగా పడే భాగం సగం, వంపు 60. వెనుక వైపు మీటరున్నర దూరంలో 80 కిలోల ఇనుప దిమ్మలు వేస్తారు. అవీ 120కే సరిపోతాయి. చేయి లేచినప్పుడు వాటి మూమెంటు కూడా సగమే అవుతుంది. అందుకే ఏ వాలులో ఆపినా చేయి అక్కడే నిలుస్తుంది, ఒక్క మనిషి వేలితో తిప్పుతాడు. మా వీధి చివర సెట్లు వేసే వడ్రంగి మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. కోట గోడంత సెట్టును చూసి, “ఈ ప్లైవుడ్డు గాలికి నిలుస్తుందా?” అని అడిగాను. “గోడ నిలబెట్టేది గోడ కాదండీ బాబాయిగారూ, వెనకాల కొట్టిన వాలు ఆసరా కర్ర. అది పాదం దగ్గర జారకుండా ఉంటే చాలు” అన్నాడు. కుల్మన్ ఆచార్యుడు వింటే చేయి కలిపేవాడు.

ఆ ఆసరా మాట నవ్వులాట కాదు. 2016 జూలైలో ఇదే ఫిల్మ్ నగర్‌లో కడుతున్న పోర్టికో కూలి ఇద్దరు కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అక్కడ జరిగిన తప్పేమిటో చెప్పే అర్హత నాకు లేదు, చెప్పబోను. కానీ మన ఇళ్ళలో స్లాబు పోయించేటప్పుడు ఒక్కటి చూడండి. కింద నిలబెట్టిన ఆసరాలు నిటారుగా ఉన్నాయా, వాలాయా? నిటారు ఆసరా నొక్కుడును మాత్రమే మోస్తుంది. వాలిన ఆసరాను పాదం దగ్గర పక్కకు తోసే బలం కూడా పుడుతుంది. తడి నేల మీద అది జారితే పైనున్న బరువంతా పక్కవాటి మీద పడుతుంది. నిలబడి చూడడానికి డబ్బు ఖర్చు కాదు.

ఇక చేతికర్ర. మా ఆవిడకు ఆపరేషను చేసి ప్లేటూ స్క్రూ వేశారు. అది కూడా ఎముక మెడ వాలుకు తగ్గట్టు కోణంలో చేసినదే. కొన్నాళ్ళకు కర్రతో నడవమన్నారు. విరిగింది కుడి వైపు కనుక కుడి చేత్తో పట్టుకుంది. నేనూ అదే సబబు అనుకున్నాను. వ్యాయామం చేయించడానికి వచ్చిన అమ్మాయి, “ఆ చేత్తో కాదు అమ్మమ్మా, ఎడమ చేత్తో” అని మార్చింది. ఎందుకని ఆలోచిస్తే మళ్ళీ మన మూమెంటే.

60 కిలోల మనిషి ఒక కాలి మీద నిలబడినప్పుడు, ఆ కాలు పోగా మిగిలిన 50 కిలోల బరువు తుంటి కీలుకు సుమారు 10 సెంటీమీటర్లు లోపలగా పడుతుంది. ఒళ్ళు ఆ పక్కకు ఒరిగిపోకుండా, కీలుకు బయటి వైపు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో ఉన్న కండరాలు లాగి పట్టాలి. దూరం సగం కనుక బలం రెట్టింపు, 100 కిలోలు. కీలు మీద రెండూ కలిసి 150. ఒంటి బరువుకు రెండున్నర రెట్లు! ఇప్పుడు ఎదుటి చేతిలో కర్ర ఉందనుకోండి. అది కీలుకు 50 సెంటీమీటర్ల దూరంలో నేలను తాకుతుంది. దాని మీద 5 కిలోలు ఆనితే చాలు, 250 మూమెంటు అదే మోస్తుంది. కండరాల పని 50 కిలోలకు దిగుతుంది, కీలు మీద మొత్తం 95. అసలు ఒంట్లో లెక్క ఇంత శుభ్రంగా కుదరదు, కానీ తగ్గే దారి ఇదే. నొప్పి ఉన్న వైపు చేత్తోనే పట్టుకుంటే ఆ దూరం కలిసిరాదు. ఒళ్ళంతా ఆ పక్కకు వాల్చి నడవవలసి వస్తుంది. మీ డాక్టరు ప్రత్యేకంగా వేరే చెబితే ఆయన మాటే వినండి. చెప్పకపోతే మాత్రం కర్ర ఎదుటి చేతిలోనే.

కర్రను నిటారుగా, దగ్గరగా పెట్టండి. 30 డిగ్రీలు వాల్చి దూరంగా పెడితే, ఆనిన బరువులో సగానికి మించి, సుమారు 58 శాతం, నేల మీద కర్ర కొనను పక్కకు తోస్తుంది. కింది రబ్బరు బూటు అరిగిపోయి, నేల తడిగా ఉంటే ఆ తోపును ఆపేదేమీ ఉండదు. ఆ రబ్బరు ఖరీదు ఒక పూట కాఫీ ఖరీదుకు మించదు.

ఇంతసేపూ వాలు బరువును తిట్టాను. న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 45 నుంచి దుర్గం చెరువు మీదుగా వేసిన తీగల వంతెన మీకందరికీ తెలుసు. 2020 సెప్టెంబరు 25న ప్రారంభమైంది. మధ్యలో చెరువును దాటే భాగం 233.85 మీటర్లు, కింద ఒక్క స్తంభం లేదు. గోలకొండ కోటకు నీళ్ళిచ్చిన చెరువని చెప్పుకునే ఆ నీటి మీద అంత పొడుగు కాంక్రీటు దూలం ఎలా నిలిచింది? వాలు తీగల వల్ల.

ఒక తీగ లాగుడు 100 టన్నులనుకుందాం. అది వంతెనతో 20 డిగ్రీల కోణంలో ఉంటే, పైకి ఎత్తేది 34 టన్నులే. 94 టన్నులు వంతెన వెంబడి పోయి దాన్ని స్తంభం వైపుకు నొక్కుతాయి. ఆ 94 వృథా అనిపిస్తుంది. కాదు. కాంక్రీటుకు నొక్కుడు బలం, లాగుడు బలహీనం. వంగినప్పుడు దూలానికి ఒక వైపు లాగుడు వస్తుంది, అక్కడే బీట పడుతుంది. తీగ తెచ్చిన నొక్కుడు ఆ లాగుడును ముందుగానే కొంత చెల్లగొడుతుంది. స్తంభానికి అటూ ఇటూ సమానంగా తీగలు ఉంటాయి కనుక పక్క తోపులు ఒకదానికొకటి సరిపోతాయి. మన వంతెన స్తంభాలు పొట్టివి, తీగలు ఎక్కువ వాలినవి. ఇంజనీర్లు దీన్ని ఎక్స్‌ట్రాడోస్డ్ తరహా అంటారు. తీగలు కొంత ఎత్తుతాయి, మిగిలిన వంపును దూలమే మోస్తుంది. ఇద్దరూ పంచుకుంటారు. అంటే వాలు దోషం కాదు. లెక్కలోకి తీసుకోకపోవడమే దోషం. లెక్క వేసినవాడికి అదే వాలు వంతెనయింది. వేయని నాకు ఆసుపత్రి బిల్లయింది.

చివరగా మూడు మనవులు చేసి ముగిస్తాను.

ఒకటి. ఇంటికి వెళ్ళగానే స్నానాలగదిలోకి వెళ్ళి చూడండి. టవలు కమ్మీని ఎవరూ పట్టుకునే చోట ఉంచకండి. పట్టుకోవడానికి వేరే కమ్మీ, వెడల్పయిన ప్లేటుతో, ప్లేటుకు మూడు నాలుగు బోల్టులతో, టైల్సు దాటి ఇటుకలోకో కాంక్రీటులోకో దిగేటట్టు పెట్టించండి. ప్లేటు వెడల్పయితే భాగించే దూరం పెరుగుతుంది, బోల్టు మీద లాగుడు తగ్గుతుంది. బిగించిన తరువాత ఇంట్లో బలమైన కుర్రవాణ్ణి నిలువునా, వాలుగా, రెండు విధాలా లాగి చూడమనండి.

రెండు. కర్ర ఎదుటి చేతిలో, నిటారుగా. రబ్బరు అరిగితే ఆ రోజే మార్చండి. కర్ర పట్టుకోవడం నామోషీ అనుకోవద్దు. అంత పెద్ద వంతెనకే తీగల ఆసరా ఉంది.

మూడు. ఇది సంఘానికి. మన సభ్యుల్లో రిటైరైన ఇంజనీర్లున్నారు, ఓవర్సీర్లున్నారు. ఇద్దరిద్దరు చొప్పున జట్లుగా ఏర్పడి, కోరిన సభ్యుల ఇళ్ళకు వెళ్ళి, కమ్మీలూ మెట్ల పిట్టగోడలూ చూసి చెప్పే ఏర్పాటు చేయాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. రాసుకోవడానికి ఒక గుమాస్తా కావాలంటే నేను సిద్ధంగా ఉన్నాను. ఈసారి బి.ఎమ్. అంటే ఏమిటో తప్పు రాయను.

మా ఆవిడ మూడో వరసలో, ఎడమ చేతిలో కర్రతో కూర్చుని ఉంది. ఈ ప్రసంగం నిన్న రాత్రి ఆమెకు చదివి వినిపించాను. అంతా విని, “ఇన్ని లెక్కలెందుకండీ? ఆ రోజు నేనడిగినప్పుడు కమ్మీ పెట్టించి ఉంటే సరిపోయేది కదా” అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. మీ ఇంట్లో ఎవరైనా అడిగితే, మీరు మాత్రం వెంటనే పెట్టించండి.